మూడో వరస

ఫ్యూజుని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతున్నాడు సవ్‌శీ. అలా ఊపితే తెలిసేదేమీ ఉండదు. చిటికెన వేలంత పింగాణీ గొట్టం, రెండు కొసలకీ మెరిసే టోపీలు, లోపల ఇసుక, ఆ ఇసుక మధ్య వెంట్రుకంత తీగ. తీగ బతికి ఉందో పోయిందో మీటరు పెడితే తప్ప తెలియదు. ఆ సంగతి రణ్ అనే ఉప్పు ఎడారి మొత్తానికీ చెప్పి తిరిగేది అతనే. అయినా పొద్దున్నే సంచిలో సర్దుకునే ముందు ఒక్కోదాన్నీ చెవికి ఆనించి ఊపుతాడు, ఆ తర్వాత మీటరు తీస్తాడు.

"ఏమంటున్నారు పిల్లలు? రాత్రి బాగా నిద్రపట్టిందటా?" అంది భార్య రతన్‌బెన్ పొయ్యి దగ్గర్నుంచి. సజ్జ రొట్టెలూ వెల్లుల్లి కారమూ గుడ్డలో మూట కడుతోంది.

"నీకంటే నయం. అడిగినదానికే జవాబు చెప్తారు."

"అయితే ఇది కూడా అడుగు. నీ ఎడం చెయ్యి రెండ్రోజుల్నుంచీ లాగేస్తోందన్నావు, దానికెంత ఫ్యూజు వెయ్యాలో అడుగు."

సవ్‌శీ నవ్వి మీటరు అందుకున్నాడు. అరవైకి దగ్గర పడ్డాడు. బక్కపలచటి మనిషి, ఎప్పుడూ అదే నీలం చొక్కా, మెడ నరాలు తాళ్ళలా పైకి తేలి ఉంటాయి. కళ్ళు ఎప్పుడూ సగం మూతపడే ఉంటాయి. తెల్లటి నేల మీద, ఎండలో పుట్టి పెరిగినవాళ్ళ కళ్ళు అంతే, చీకటింట్లో కూచోబెట్టినా విచ్చుకోవు. తండ్రి ఉప్పు మళ్ళలోనే పోయాడు, తాతా అంతే. సవ్‌శీ డీజిల్ ఇంజన్లు బాగుచేయడం నేర్చుకుని మడిలోంచి బయటపడ్డానని సంబరపడ్డాడు. ఇంజన్లు పోయి సోలార్ ప్యానెళ్ళు వచ్చాక స్పానర్లు అటకెక్కించి మీటరు పట్టుకున్నాడు. అతని గురించి చెప్పుకోవలసింది ఇంతకంటే పెద్దగా లేదు. ఎవరితోనూ పోట్లాడి కోర్టుకెక్కలేదు. సోమనాథ్ వెళ్దామని పెళ్ళాం ఏటా అడిగితే ఏటా సరేనన్నాడు, ఒక్క ఏడూ తీసుకెళ్ళలేదు. కానీ ఒక్క విషయంలో రణ్‌లో అతని పేరు తెలియనివాళ్ళు లేరు. భారమల్‌ని చంపిన ఫ్యూజు వేసింది అతనే.

బండికి సంచీ కడుతుండగా నీళ్ళ ట్యాంకరు వచ్చి వీధిలో ఆగింది. ట్యాంకరు నడిపే జుసబ్ దిగలేదు, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"సవ్‌శీ భాయ్, నీకో కబురుంది. వింటే ఇవాళ అటు పోకుండా ఇంట్లో పడుకుంటావు."

"చెప్పు, పడుకుని చాన్నాళ్ళయింది."

"జీవీబెన్ కోడలు లేదూ, హంసూ, ఆ పిల్ల పంపింది. నిన్న మిట్టమధ్యాహ్నం వాళ్ళ ఫ్యూజు పోయిందట. మొన్నా అంతేనట. దుకాణం నుంచి తెచ్చినవి అయిపోయాయి, ఒక్కటే మిగిలింది. అది కూడా పోతే రాగితీగ చుట్టేస్తానని జీవీబెన్ తీగ తీసి కొంగున కట్టుకు తిరుగుతోందట."

సవ్‌శీ చేతిలో తాడు ఆగింది. "ఎన్ని ప్యానెళ్ళ వరసలున్నాయి అక్కడ?"

"ఈ ఏడు మూడు. ఆవిడ తమ్ముడు మోర్బీ పెంకుల ఫ్యాక్టరీలో పనికి పోతూ తన ప్యానెళ్ళు అక్కకిచ్చి పోయాడు కదా."

"పసిదాన్ని ఎక్కడ పడుకోబెడుతున్నారు?"

"ఇంకెక్కడ? రణ్‌లో నీడ ఎక్కడుందో అక్కడే. ప్యానెళ్ళ కిందే ఊయల." జుసబ్ బీడీ పారేశాడు. "పోతావా ఏంటి? పోయినేడు అటు పక్కగా వెళ్ళావని కుక్కని ఉసిగొల్పింది, మర్చిపోయావా?"

"కుక్క నన్ను చూసి తోకాడించింది."

"కుక్కకేం తెలుసు పాపం," అన్నాడు జుసబ్. అన్నాక నాలిక్కరుచుకుని, గేరు మార్చి వెళ్ళిపోయాడు.

సవ్‌శీ తాడు బిగించాడు. ఆ రోజు వేరే రెండు మళ్ళకి వస్తానని మాటిచ్చి ఉన్నాడు. వాటి సంగతి రేపు చూసుకోవచ్చనుకుని బండి రణ్‌వైపు తిప్పాడు.

*

రణ్‌లో ఎవరైనా ఒక ఏడు ఉప్పు పని మానుకుని ఫ్యాక్టరీకో లారీ మీదకో పోతే, వాళ్ళ ప్యానెళ్ళు అమ్మరు. అమ్మితే మళ్ళీ కొనలేరని తెలుసు. అన్నకో అక్కకో ఇచ్చి పోతారు. వాళ్ళు ఆ వరసని తమ వరసల పక్కన నిలబెట్టి, ఎర్ర తీగ ఎర్ర తీగతో, నల్ల తీగ నల్ల తీగతో కలిపి, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతారు. పంపు ఇంకాస్త హుషారుగా తిరుగుతుంది. ఇందులో తప్పు పట్టడానికేముంది, బంధువులు బంధువులకి చేసే సాయమే. కాకపోతే రెండు వరసలు ఉన్నంతవరకూ ఏ గొడవా లేదు. ఒకటి చెడితే రెండోదాని కరెంటు దాంట్లోకి ఎదురు తిరుగుతుంది, కానీ ఒక్క వరస కరెంటుని ఇంకో వరస తట్టుకోగలదు. మూడోది చేరితే లెక్క మారుతుంది. చెడ్డదాని మీదకి మిగతా రెండూ కలిసి దిగుతాయి. అందుకే మూడు వరసలన్నచోట ఒక్కో వరసకీ ఒక్కో ఫ్యూజు ఉండాలి. ఎదురు తిరిగిన కరెంటు వస్తే అది తెగిపోయి, చెడ్డ వరసని ఒంటరిగా వదిలేస్తుంది.

ఎంత ఫ్యూజు అన్నదే సవ్‌శీ బతుకంతా. చిన్నది వేస్తే నిక్షేపంలాంటి వరస కూడా మిట్టమధ్యాహ్నం తెగి కూచుంటుంది. పెద్దది వేస్తే తెగవలసినప్పుడు తెగదు, దాని బదులు ప్యానెల్ కాలుతుంది. వరస ఇచ్చే కరెంటుకి ఒకటిన్నర రెట్లు, ప్యానెల్ వెనక ఫ్యూజుకి హద్దుగా రాసిన అంకెకి లోపల. ఈ రెంటి మధ్య ఉన్న సందులో సరిగ్గా కూర్చోవాలి ఫ్యూజు.

భారమల్ మడిలోనూ మూడు వరసలే ఉండేవి. రణ్‌కి సోలార్ కొత్తగా వచ్చిన రోజులు. భారమల్ సవ్‌శీకి రక్తసంబంధం కాదు, కానీ అంతకంటే ఎక్కువ. డీజిల్ ఇంజన్ కాలం నుంచీ ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళు. ప్రతి వరసకీ పదిహేను యాంపుల ఫ్యూజు వేసింది సవ్‌శీయే, సరిగ్గానే వేశాడు. ఒకరోజు ఎండ నడినెత్తికొచ్చేవేళ భారమల్ గుడిసెలో జ్వరంతో పడుకుని ఉన్నాడు. ప్యానెళ్ళ వెనక గోనెపట్టాలతో వేసిన గుడిసె అది. పంపు నీళ్ళు సన్నగిల్లాయి. జీవీబెన్ పెట్టె తీసి ఫ్యూజులు ఒక్కోటీ పీకి చూసింది, ఒకదాన్ని పీకినా నీళ్ళు ఇంకా తగ్గలేదు, పోయింది అదే. మొగుణ్ణి లేపడం ఇష్టం లేక రాగితీగ చుట్టి వెళ్ళి మళ్ళీ మడిలోకి దిగింది. డీజిల్ రోజుల నుంచీ అందరూ చేసే పనే అది, ఆవిడేమీ కొత్తగా కనిపెట్టలేదు. ఆ వరసలో ప్యానెల్ ఒకటి లోపల చితికిపోయి ఉందని, ఫ్యూజు అందుకే తెగిందని ఆవిడకి తెలియదు. దంతె పట్టుకుని ఉప్పు తిప్పుతూ తలెత్తి చూసేసరికి గుడిసె లేదు.

సవ్‌శీ అందరికంటే ముందు చేరాడు. బూడిదలో ఫ్యూజు పెట్టె తెరిచాడు. మధ్యలో రాగితీగ నల్లగా మాడి ఉంది. ఎవరూ చూడకముందే దాన్ని పీకేసి జేబులో వేసుకున్నాడు. జీవీబెన్ గుండెలు బాదుకుంటూ, "ఏం జరిగింది సవ్‌శీ భాయ్, ఎందుకిలా అయింది?" అని అడిగింది. ఆ మొహం చూసి అతను అన్న మాట ఒక్కటే. "తప్పు నాది, భాభీ. పెద్ద ఫ్యూజు వేసేశాను."

అప్పట్నుంచీ ఆవిడ అతనితో మాట్లాడలేదు. రణ్ మాట్లాడింది. ఒకరిద్దరు కొట్టబోయారు. తర్వాత్తర్వాత కోపాలు చల్లారి ఎకసెక్కంగా మారాయి. "వేసేముందు అంకె చూసుకున్నావా సవ్‌శీ భాయ్?" అని టీ పోస్తూ అడుగుతారు. అతను చూసుకున్నానంటాడు. రతన్‌బెన్‌కి కూడా నిజం చెప్పలేదు. ఆవిడ నోటి మీద అతనికి ప్రేమే కానీ నమ్మకం లేదు.

భారమల్ మాత్రం వస్తూనే ఉన్నాడు. ఎండ బాగా ముదిరినప్పుడు రణ్‌లో నేల కదులుతుంది, దూరాన ఉన్న మనుషులు గాలిలో నడుస్తున్నట్టు కనిపిస్తారు. లేనివాళ్ళు కూడా కనిపిస్తారు. దానికెవరూ దిష్టి తీయించుకోరు, పనిలో పడితే వాళ్ళే మాయమైపోతారు. సవ్‌శీ ఎక్కడ పెట్టె తెరిచినా భుజం వెనక గోనె కాలిన వాసన వచ్చేది. గొంతు సవరించుకుని భారమల్ ఒకే ప్రశ్న అడిగేవాడు. "ఎంత వేశావు?" సవ్‌శీ పైకే జవాబు చెప్పేవాడు. "పదిహేను, అన్నా." వినేవాళ్ళు ముసలాయన తనలో తను మాట్లాడుకుంటున్నాడనుకునేవాళ్ళు.

*

జీవీబెన్ మడిలో ఉంది. మోకాళ్ళపైకి చీర దోపుకుని, చెక్క దంతెతో ఉప్పు అడుగుని తిప్పుతోంది. గింజ కట్టే రోజులు. ఇంకో వారం ఉప్పునీళ్ళు తెరిపి లేకుండా పడితే గింజ గట్టిపడి గాజులా మెరుస్తుంది. మధ్యలో పంపు ఆగితే పిండి అయిపోతుంది, వర్తకుడు చూసి మొహం తిప్పుకుంటాడు. కార్తీకం నుంచి పడ్డ పాటంతా ఆ వారం మీద ఆధారపడి ఉంది.

బండి చప్పుడుకి హంసూ గుడిసెలోంచి తొంగిచూసి ముసుగు లాక్కుంది. మూడో వరస కింద ఇనుప చట్రానికి గుడ్డ ఊయల వేలాడుతోంది. అందులోంచి చిన్న పాదం బయటికి వచ్చి ఉంది.

"ఎవరు పిలిచారు నిన్ను?" జీవీబెన్ దంతె ఆపకుండానే అడిగింది.

"ఎవరూ పిలవలేదు, భాభీ. ఇటెళ్తున్నా."

"ఇటు దారి లేదు."

దారి నిజంగానే లేదు. ఆ మడి అవతల ఏ మనుషులూ ఉండరు, అడవి గాడిదలు తిరుగుతుంటాయి. సవ్‌శీ బండి ఆపి దిగాడు. దిగుతుంటే ఎడమ భుజం కలుక్కుమంది, ఒక్క క్షణం సీటు పట్టుకుని నిలబడ్డాడు.

"ఫ్యూజులు పోతున్నాయట కదా. ఒకసారి చూసి పోతాను."

"చూసింది చాలు. ఒక్కసారి చూసినందుకే నా ఇంటి దీపం ఆరిపోయింది." జీవీబెన్ గట్టు మీదకి వచ్చి నిలబడింది. కొంగు ముడిలో రాగితీగ చుట్ట ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. "నీ ఫ్యూజులు నాకొద్దు. ఆ ఫ్యూజు లేకపోతే ఆయన ఇవాళ మనవరాలిని ఊపుతూ ఉండేవాడు. రాగితీగ ఎవర్నీ చంపలేదు. ఇవాళ దుకాణంది పోనీ, తీగే చుడతాను."

ఇన్నేళ్ళూ సవ్‌శీ ఆవిడని ఒక నిజం నుంచి కాపాడాననుకున్నాడు. కాపాడిన అబద్ధం ఆవిడ మనసులో పెరిగి పెద్దదై ఇలా తయారైందన్నమాట. ఫ్యూజు చంపుతుంది, తీగ చంపదు. ఆవిడ నమ్మింది అదే, నమ్మించింది తనే. ఒక్క మాట చెబితే ఆ తీగ ఆవిడ చేతిలోంచి రాలి పడుతుంది. ఆ మాటతోపాటు ఆవిడ కూడా రాలిపోతుంది. చెప్పకపోతే ఊయల అక్కడే ఉంటుంది. మాట నాలిక చివరిదాకా వచ్చింది. జీవీబెన్ చేతులవైపు చూశాడు. ఉప్పు తిని తిని వేళ్ళ కణుపులు పగిలి, ఎర్రగా ఉన్నాయి. ఆ చేతులతో చుట్టిన తీగే చంపిందని ఆవిడకి ఎలా చెప్పడం? మింగేశాడు.

"ఇలా చేద్దాం, భాభీ," అన్నాడు. "నా ఫ్యూజు ఒకటి వేసి, పొద్దువాలేదాకా దాని పక్కనే కూచుంటాను. అది తెగితే నేనిక ఈ మడి వైపు రాను. తెగకపోతే తీగ పారెయ్యి."

"పక్కనే కూచుంటావా? కాలితే ముందు నువ్వే కాలుతావు."

"అందుకే చెప్తున్నా."

జీవీబెన్ అతన్ని ఎగాదిగా చూసింది. చాలా ఏళ్ళ తర్వాత అతని మొహంలోకి సరిగ్గా చూడటం అప్పుడే. ముసలివాడైపోయాడనిపించింది కాబోలు, చూపు తిప్పుకుంది. "కూచో. నీళ్ళు మాత్రం అడక్కు," అని దంతె తీసుకుని మళ్ళీ మడిలోకి దిగింది.

*

సవ్‌శీ ముందు ఊయలని చట్రం నుంచి విప్పించి గుడిసె అవతలి నీడకి మార్పించాడు. తర్వాత మూడో వరస కిందకి వెల్లకిలా దూరాడు. జీవీబెన్ తమ్ముడి ప్యానెళ్ళు కొత్తరకంవి, రెండువైపులా గాజే. వెనకనుంచి పడ్డ వెలుగుని కూడా తాగుతాయి. మామూలు మట్టి నేల మీద వెనక పెద్దగా పడేదేముంది? కానీ ఇక్కడ కింద ఉన్నది ఉప్పు. సవ్‌శీ ప్యానెల్ కింద అరచెయ్యి బోర్లా పట్టుకుని చూశాడు. నేల నుంచి కొట్టే తెల్లటి వెలుగుకి అరచేతి గీతలు కూడా కనిపించాయి.

ప్యానెల్ వెనక కాగితం మీద, ఇచ్చే కరెంటు పదకొండు యాంపులని ఉంది. మీటరు పదమూడు చూపిస్తోంది, ఎండ ఇంకా నడినెత్తికి రాలేదు. దుకాణంవాడు పదకొండుకి పదిహేను చాలన్నాడు, వాడికి నేల గుర్తు రాలేదు. పైగా పెట్టెని తెచ్చి ఎండకెదురుగా మేకు కొట్టారు. మూత ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. ఆ వేడిలో పదిహేను అని రాసున్న ఫ్యూజు పద్నాలుగుకే చేతులెత్తేస్తుంది. అది చెడ్డది కాదు పాపం, చిన్నది.

పెట్టె ఊడదీసి ప్యానెళ్ళ కింద నీడలో బిగించాడు. మూడో వరసకి ఇరవై యాంపులది తీశాడు. అదే కాగితం మీద ఫ్యూజుకి రాసిన హద్దు పాతిక. పాతికదే వేస్తే ఇంకా నిశ్చింతగా ఉంటుంది కదా అని చెయ్యి ఒకసారి దాని మీదకి పోయింది. పాతికది ఎన్నడూ తెగదు, జీవీబెన్ ఎన్నడూ తీగ తీయదు. చాలాసేపు రెండూ రెండు చేతుల్లో పట్టుకున్నాడు. చివరికి ఇరవైదే వేశాడు. పాత వరసలు రెంటికీ పదిహేనులు కొత్తవి మార్చాడు, వాటి హద్దు అంతకు మించి ఒప్పుకోదు.

భుజం వెనక గోనె కాలిన వాసన వచ్చింది. గొంతు సవరించుకున్న చప్పుడైంది.

"వాటికి పదిహేను, దీనికి ఇరవై, అన్నా," అన్నాడు సవ్‌శీ.

"ఎవరితో కాకా?" హంసూ పసిదాన్ని చంకనేసుకుని కాస్త దూరంలో నిలబడి ఉంది.

"లెక్క చూసుకుంటున్నానమ్మా."

ఆ పిల్ల వెళ్ళలేదు. మడివైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది. "కాకా, ఇదింక ఎప్పటికీ పోదా?"

"పోవాలి తల్లీ. పోవలసినరోజు పోకపోతే దాన్ని పెట్టి ఏం లాభం? ఊరికే పోకూడదు, అంతే." సవ్‌శీ కూడా మడివైపు చూశాడు. జీవీబెన్ అవతలి గట్టు దగ్గర ఉంది. "విను. పోయిందంటే ఎక్కడో ఏదో చెడిందని. మళ్ళీ పెట్టేముందు ఆ వరసని మిగతావాటి నుంచి విప్పెయ్. ఒక్కో ప్యానెల్ వెనకా చెయ్యి దగ్గరగా పెట్టి చూడు. చెడింది కాలిపోతూ ఉంటుంది. దాన్ని తీసిపారేసేదాకా ఆ వరస కలపొద్దు."

"తీగ చుడితే?"

"చుడితే మిగతా రెండు వరసలూ కలిసి దాంట్లోకి దిగుతాయి. కాలేదాకా ఆగవు."

హంసూ పసిదాన్ని గట్టిగా పట్టుకుంది. "ఇది మా అత్తకి చెప్పొచ్చుగా కాకా? నేను చెప్తే వినదు."

"వద్దు. అత్తకి చెప్పొద్దు. నీకు తెలిస్తే చాలు. నీ బిడ్డ మీద ఒట్టేయమనను గానీ, చెప్పొద్దు." ఆ పిల్ల తలూపి వెళ్ళిపోయింది.

*

ఎండ నడినెత్తికి వచ్చింది. నేలా ఆకాశమూ కలిసిపోయి ఒకటే తెలుపు. సవ్‌శీ ఇనుప స్తంభానికి వీపు ఆనించి, పెట్టె పక్కన కూచున్నాడు. మూట విప్పి రొట్టె తుంచాడు కానీ తినబుద్ధి కాలేదు. పంపు చప్పుడు వింటున్నాడు. నీళ్ళు గొట్టంలోంచి మడిలోకి ఒకే లావున పడుతున్నాయి.

మడిలో జీవీబెన్ ఒక దంతె లాగడం, ఒకసారి గొట్టంవైపు చూడటం. నిన్నా మొన్నా నీళ్ళు సన్నగిల్లిన వేళ వచ్చింది. ఆవిడ దంతె నిలబెట్టి, కొంగు ముడి మీద చెయ్యి వేసుకుని నిలబడింది. నీళ్ళు తగ్గలేదు. ఆ వేళ దాటిపోయింది. ఆవిడ ఇంకా అలాగే నిలబడి ఉంది. తర్వాత చెయ్యి తీసేసి, మళ్ళీ ఉప్పు తిప్పడం మొదలుపెట్టింది. అక్కడ కూచున్న సవ్‌శీకి ఇదంతా కనిపించింది. ఇంత సంతోషం తన బతుకులో ఎప్పుడు కలిగిందో గుర్తు చేసుకోబోయాడు, గుర్తుకు రాలేదు.

కదిలే నేల మీద నుంచి భారమల్ వచ్చాడు. దంతె భుజాన వేసుకుని, తొందరేమీ లేకుండా. ఈసారి వెనక నిలబడలేదు. వచ్చి పక్కన, అదే నీడలో, కాళ్ళు చాపుకుని కూచున్నాడు. సవ్‌శీ ప్రశ్న కోసం ఎదురుచూశాడు. భారమల్ ఏమీ అడగలేదు. గోనె వాసన కూడా రాలేదు, ఇంజన్ రోజుల్లో చేతులకుండే డీజిల్ వాసన వచ్చింది.

"చెప్పలేదన్నా," అన్నాడు సవ్‌శీ. "ఇకముందు కూడా చెప్పను."

ఎడమ చెయ్యి మొత్తం బరువెక్కి నేల మీద పడి ఉంది, తనది కానట్టు.

పొద్దు వాలి నీడలు సాగాక జీవీబెన్ గుడిసె దగ్గరకొచ్చి కాళ్ళు కడుక్కుంది. కొంగు ముడి విప్పింది, తీగ చుట్టని చూరులో దోపింది. పారేయడానికి చేతులు రాలేదు. ప్యానెళ్ళవైపు చూడకుండానే, "టీ పెట్టు. ఆ మనిషికి కూడా పొయ్యి," అంది కోడలితో. హంసూ సాసరులో టీ పోసుకుని వెళ్ళింది. రెండుసార్లు కాకా అని పిలిచింది. పెట్టె మీద కుడిచెయ్యి వేసి, తల స్తంభానికి ఆనించి, సగం మూసిన కళ్ళతో ఎప్పటిలాగే ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుంది.

నీళ్ళు దింపి తిరిగి వెళ్తున్న జుసబ్ అతన్ని తన ట్యాంకరు ముందుభాగంలో పడుకోబెట్టి ఊరికి తీసుకెళ్ళాడు. దారంతా ఏడ్చాడట. రతన్‌బెన్ మాత్రం ఏడవకుండా, "వెళ్ళేటప్పుడే చెయ్యి లాగుతోందన్నాడు, నేను నవ్వులాట చేశాను," అని వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పింది. జీవీబెన్ ఊళ్ళోకి రాలేదు, కోడల్ని పంపింది. భారమల్‌ని చంపినవాడు భారమల్ మడిలోనే పోయాడని రణ్‌లో చెప్పుకున్నారు. లెక్క సరిపోయిందన్నవాళ్ళు కూడా ఉన్నారు.

*

ఉప్పు గింజ కట్టింది. గుప్పిట్లో పోసుకుంటే గలగలమంది. తవ్వి కుప్పలు పెట్టే రోజుల్లో, ఒక మధ్యాహ్నం, పంపు నీళ్ళు సన్నగిల్లాయి.

జీవీబెన్ పరుగులాంటి నడకతో వచ్చింది. వస్తూనే చూరులోంచి తీగ లాగింది. "చూశావా? చచ్చి కూడా నన్ను వదల్లేదు. పోయింది చూడు!" పెట్టె తెరిచింది. ఒక్కోటీ పీకి చూసింది. ఇరవైది పీకితే నీళ్ళు ఇంకా తగ్గాయి, అది బాగానే ఉంది. పోయింది పాత వరస ఫ్యూజు, పదిహేనుది. దాన్ని పీకి నేలకేసి కొట్టి, తీగ పళ్ళతో తుంచింది.

"అత్తా, ఆగు." హంసూ ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడలేదు. ఆ వరస తీగలు రెండూ విప్పేసి, ప్యానెళ్ళ వెనక ఒక్కొక్కదాని దగ్గరా చెయ్యి పెడుతూ పోయింది. మూడోదాని దగ్గర చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఇది. ఇలా వచ్చి చూడు."

జీవీబెన్ వంగి చూసింది. ప్యానెల్ వెనక తీగలు కలిసే చిన్న నల్లటి పెట్టె ఉబ్బి, మైనంలా కారి ఉంది. దాని పక్కన గోధుమరంగు మచ్చ, ఇంకా పొగ వాసన వేస్తూ. అంతకుమించి ఏమీ జరగలేదు.

"కాకా చెప్పాడు," అంది హంసూ. "చెడిపోతేనే ఇది తెగుతుందట. అప్పుడు తీగ చుడితే మిగతా రెండు వరసలూ కలిసి..." అంటూ నోరు మూసుకుంది. చెప్పొద్దన్న మాట గుర్తొచ్చింది.

"కలిసి?"

"ఏం లేదత్తా."

"చెప్పు."

"కాలేదాకా ఆగవట."

జీవీబెన్ అలాగే వంగి ఉంది. ఆ రోజు కూడా పంపు నీళ్ళు ఇలాగే సన్నగిల్లాయి. పెట్టె తీసింది, ఫ్యూజు తెగి ఉంది. తన చేత్తోనే పీకి ఇలాగే నేలకేసి కొట్టింది. పెద్ద ఫ్యూజు వేసేశానన్నాడు సవ్‌శీ. పెద్దదైతే అది తెగేదే కాదు. తెగింది. తెగిందని ఈ లోకంలో తనకొక్కదానికే తెలుసు, తెగిన ఫ్యూజు ఆ రోజు తన చేతిలోనే ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఆ మాట తనకెందుకు తోచలేదు?

"సవ్‌శీ భాయ్," అంది. ఆ పేరు ఆవిడ నోట వినడం హంసూకి అదే మొదలు. ఎవరైనా వచ్చారేమోనని చుట్టూ చూసింది. ఆవిడ ఇంకోసారి పిలిచి, ఉప్పు మీద చతికిలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఏడుపు మొగుడి కోసమో, తను నీళ్ళయినా ఇవ్వని ఆ మనిషి కోసమో ఆవిడకే తెలియలేదు. కుక్క వచ్చి పక్కన పడుకుంది. మిగిలిన రెండు వరసలతో పంపు తిరుగుతూనే ఉంది.

చాలాసేపటికి లేచి, పెట్టె మూత వేయబోయింది. మూత లోపలివైపు ఏదో కదిలింది. చొక్కా అంచునుంచి పీకిన నీలం దారంతో, ఉప్పుగాలికి ఊడకుండా రెండు ముళ్ళు వేసి, అక్కడ ఇంకో పదిహేను ఫ్యూజు కట్టి ఉంది.